సేబిన్ బేరింగు గూల్డు

ఇంగ్లండు దేశమునకు నైరృతి మూలయందు డెవన్ అను మండలము కలదు. ఆ మండలము నడుమ డార్ట్‌మూరు అను విశాలమైన పీఠభూమి ఉన్నది. అది పైరు పండు నేల కాదు. దట్టమైన అడవియు కాదు. ఎటు చూచినను గడ్డియు, ఊదారంగు పూలు పూయు పొట్టి పొదలును, కాలు మోపిన దిగబడు ఊబినేలలును మాత్రమే కానవచ్చును. గుట్టల నెత్తములపై గ్రానైటు బండలు ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచి యుండును. అందలి మిక్కిలి ఎత్తయిన శిఖరము 621 మీటర్లు మాత్రమే. అయినను అకస్మాత్తుగా పొగమంచు దిగినచో ఆ ప్రాంతమున పుట్టి పెరిగినవాడు సైతము త్రోవ తప్పును.

అట్టి బయలునందు ఇంచుమించు నాలుగువేల సంవత్సరముల క్రిందట కంచుయుగపు ప్రజలు కాపురముండిరి. వారు తమలో చనిపోయినవారికి నాలుగు రాతిపలకలతో పెట్టె వంటి గూడు కట్టి, అందు చితాభస్మమునో కాళ్ళు ముడిచిన కళేబరమునో ఉంచి, పైన మూతరాయి కప్పిరి. దానిపై రాళ్ళ గుట్టనో మట్టి దిబ్బనో పోసిరి. అట్టి రాతిపెట్టెలు డార్ట్‌మూరులో 180కి పైగా గుర్తింపబడినవి. వానిని కట్టిన జనుల భాష నశించినది. వారి దేవతల పేర్లు నశించినవి. వారు వ్రాత నెరుగరు గనుక తమనుగూర్చి ఒక్క అక్షరమైనను మిగుల్చలేదు.

వేల ఏండ్ల తరువాత అచట గొర్రెలు మేపుకొనుటకు వచ్చిన పల్లెవారు ఈ దిబ్బలను జూచి ఆశ్చర్యపడిరి. ఇంత పెద్ద రాళ్ళను మనుష్యులు మోయజాలరని తలచి, ఒక దిబ్బకు రాక్షసుని సమాధి యనియు, మరియొకదానికి రాక్షసుని గిన్నె యనియు పేర్లు పెట్టిరి. రాతిపెట్టెలలో ధనము దాగియున్నదని నమ్మి, వానిని ధనపు గోతులనియు, బంగారు కుండలనియు పిలిచిరి. బెల్‌స్టన్ గ్రామము చెంత ఒక సమాధి దిబ్బ చుట్టును వలయముగా నిలిచిన రాళ్ళకు తొమ్మండుగురు కన్యలని పేరు. ఆదివారమునాడు నాట్యమాడిన నేరమునకు కన్యలు శిలలైపోయిరని వారి కథ. లెక్కించి చూచినచో ఆ రాళ్ళు తొమ్మిదికి మించియే యున్నవి. కథ చెప్పువారికి ఆ లెక్కతో పని లేకపోయెను.

ఈ కథలను ప్రేమించి, ఈ దిబ్బలలోని నిజమును వెదకి, రెంటిని కాలము వాతబడకుండ కాపాడుటకు పాటుపడిన పురుషుడు సేబిన్ బేరింగు గూల్డు.

ఆయన 1834వ సంవత్సరము జనవరి 28వ తేదీన డెవన్ మండలములోని ఎక్సెటరు నగరమున జన్మించెను. తండ్రియైన ఎడ్వర్డు మన దేశమున ఈస్టిండియా కంపెనీవారి ఆశ్వికదళములో కొలువు చేసి, బండి ప్రమాదమున గాయపడి స్వదేశమునకు మరలినవాడు. ఆయనకు ఒకచోట నిలుకడగా ఉండుట సరిపడదయ్యెను. భార్యాబిడ్డలను బండిలో ఎక్కించుకొని, ఫ్రాన్సు, జర్మనీ మొదలగు దేశములలో ఊరి నుండి ఊరికి తిరుగుచుండెను. అందువలన సేబిను పాఠశాలలో చదివినది బహు స్వల్పము. కాని ఏ దేశమునకు పోయిన ఆ దేశపు భాష నేర్చెను. సత్రములలో సేవకులు చెప్పు కథలు వినెను. శిథిలమైన కోటలను, గుడులను చూచెను. పుస్తకములలో దొరకని చదువు ఆ బాలునకు బాటలమీద దొరికెను.

1850వ సంవత్సరమున వారి కుటుంబము ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమున పో అను నగరమునందు విడిసి యుండెను. ఆ ఊరి చెంత ఒక పొలములో ప్రాచీన శిథిలములు కలవని పదునారేండ్ల సేబిను తెలిసికొని, కూలివాండ్రను పెట్టి త్రవ్వించెను. రోమకుల కాలపు భవనమొకటి బయల్పడెను. రంగురంగుల రాతిముక్కలు పొదిగిన దాని నేలను చూచుటకు ఊరివారు తండోపతండములుగా వచ్చిరి. నేల క్రింద గతకాలము నిద్రించుచున్నదనియు, ఓర్పుతో మేలుకొలిపినచో అది మాటలాడుననియు ఆ దినమున ఆ బాలునకు తెలిసెను.

కౌమారదశయందే ఆయన చేతికి మరియొక నిధి చిక్కెను. శామ్యూలు రో అను మతాచార్యుడు డార్ట్‌మూరునుగూర్చి రచించి 1848లో ప్రకటించిన గ్రంథమది. దానిని చదివిన పిదప సేబినునకు ఇంట కాలు నిలువలేదు. చిన్న గుఱ్ఱము నెక్కి, గాలికిని వానకును వెరవక, ఆ బయలు నంతయు తిరిగి, రాతివలయములను, సమాధి దిబ్బలను వెదకి చూచెను. నాడు కలిగిన అనురాగము తుదిశ్వాస వరకు ఆయనను వీడలేదు.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున పట్టము పొందిన పిమ్మట ఆయన మతాచార్యుడు కాగోరెను. తండ్రి సమ్మతింపలేదు. తండ్రి మాట మీరలేక, తన కోరిక విడువలేక, సేబిను కొన్ని యేండ్లు ఉపాధ్యాయవృత్తిలో గడపెను. ఆ కాలమున 1862లో ఐస్‌లాండు ద్వీపమునకు ప్రయాణము చేసెను. అచటి ప్రాచీన వీరగాథలలో గ్రెట్టిరు అను వీరుని కథ ఒకటి కలదు. సమాధి దిబ్బలో పూడ్చబడిన మృతుడు లోపలనే మేలుకొని యుండి తన ధనమునకు కావలి కాచుచుండగా, గ్రెట్టిరు త్రాటి సాయమున ఆ చీకటి గోతిలోనికి దిగి, వానితో పెనుగులాడి గెలుచునట. గ్రెట్టిరు సంచరించిన చోట్లను సేబిను కన్నులార చూచెను. మృతుడు తన దిబ్బలో ఇంకను జీవించి యున్నాడను నమ్మకము ఉత్తర దేశములందెల్ల ఎంత ప్రబలినదో ఆయన గ్రహించెను. తన పల్లెలోని రాక్షసుని సమాధుల కథలు ఈ పెద్ద వృక్షమునకు కొమ్మలే యని ఆయనకు తోచెను.

1864లో ఆయన మతాచార్యుడై, యార్క్‌షైరులోని హార్బరీ అను ఊరిలో సహాయకుడుగా నియమింపబడెను. అది మిల్లులలో పనిచేయు కూలివారి ఊరు. ఆయన వారి బిడ్డలకొరకు రాత్రి పాఠశాల నడపెను. పండుగనాడు ఆ పిల్లలు వరుసగా నడచుచు పాడుకొనుటకై ఒక పాటను వడివడిగా రచించెను. తరువాత సర్ ఆర్థరు సలివన్ అను విద్వాంసుడు దానికి బాణీ కట్టెను. ఆ పాట ఇంగ్లీషు మాటలాడు దేశములన్నిటను మారుమ్రోగెను. కాని పిల్లల ఊరేగింపుకొరకు తొందరలో వ్రాసిన ఆ గీతమునకు అంతటి కీర్తి వచ్చునని ఆయన కలనైనను అనుకొనలేదు.

ఆ ఊరిలోనే ఆయన గ్రేసు టేలరు అను మిల్లు కూలివాని కుమార్తెను చూచెను. ఆమెయు మిల్లులో పనిచేసెడిది. ఆమె గుణసంపదకు ఆయన మనసు కరగెను. ఆయన భూస్వామి వంశీయుడు. ఆమె చదువు లేని బీద బాలిక. ఆ కాలపు ఇంగ్లండులో అట్టి సంబంధమును ఇరుపక్షముల వారును హర్షించెడివారు కారు. సేబిను జంకలేదు. ఆమెకు విద్య గరపుటకై యార్కు నగరమునకు పంపించి, 1868లో వివాహము చేసికొనెను. నలువది యెనిమిది సంవత్సరములు వారు అన్యోన్యముగా కాపురము చేసిరి. వారికి పదునైదుగురు సంతానము కలిగిరి.

1872లో తండ్రి మరణించుటచే లూ ట్రెంచర్డు అను గ్రామమునందలి వంశపు ఆస్తి ఆయనకు సంక్రమించెను. 1881లో ఆయన ఆ గ్రామమునకు వచ్చి, దాని భూస్వామియు మతాచార్యుడును తానే యయ్యెను. ఆ గ్రామము డార్ట్‌మూరుకు పశ్చిమపుటంచున ఉన్నది. పూర్వము ఆ ఊరి దేవాలయమున అందమైన కొయ్య చెక్కడపు తెర ఉండెడిది. ప్రాతబడినదని పెద్దలు దానిని పగులగొట్టి పారవేసిరి. సేబిను బాలుడుగా నున్నప్పుడే ఆ ముక్కలను ఏరి దాచియుంచెను. పెద్దవాడైన తరువాత వానిని ఆధారముగా గొని తెరను మరల కట్టించెను. ఇతరులు పారవేసిన దానిని ఏరి దాచుట ఆయన స్వభావము. ఆయన జీవితమునందలి ఘనకార్యములన్నియు ఈ స్వభావమునుండియే పుట్టినవి.

ఇంటి ఖర్చులకును, గ్రామాభివృద్ధికిని ధనము కావలసియుండెను. దానికొరకు ఆయన రేయింబవళ్ళు వ్రాసెను. నిలుచుండి వ్రాయుట ఆయనకు అలవాటు. నవలలు, చరిత్రలు, సాధువుల జీవితములు, జానపద గాథలు ఆయన కలమునుండి ప్రవాహమువలె వెలువడెను. అన్నియు కలిపి వేయికి మించిన రచనలు ఆయన పేర నున్నవి.

1888లో ఒకనాటి విందులో జానపద గేయములనుగూర్చి ప్రసంగము వచ్చెను. పల్లెలలో వృద్ధులు పాడు పాటలు వారితోనే అంతరించిపోవుచున్నవని ఆయనకు దిగులు కలిగెను. మరునాటినుండియే ఆయన వేట మొదలయ్యెను. కంచెలు కట్టువారు, కమ్మరులు, బాట ప్రక్కన కంకర కొట్టు ముదుసలులు ఆయనకు గురువులైరి. వారిలో పలువురు అక్షరజ్ఞానము లేనివారు. ఆయన వారి గుడిసెలకు నడచిపోయి, పొయ్యి ప్రక్కన కూర్చుండి పాటలు వ్రాసికొనెను. మిత్రులు రాగములను గుర్తించిరి. కొన్ని పాటలలోని మోటు మాటలను ఆ కాలపు మర్యాద ననుసరించి అచ్చులో మార్చెను. కాని పాడినవారి మాటలను వ్రాతప్రతులలో భద్రపరచి, ప్లిమత్ నగర గ్రంథాలయమునకు సమర్పించెను. తన పనులన్నిటిలో ఈ పాటల సేకరణయే మేలైనదని ఆయన తలచెను.

పాటలవలెనే డార్ట్‌మూరు రాళ్ళకును ఆపద వచ్చియుండెను. బయళ్ళను ఆక్రమించి పొలములుగా మార్చుకొనువారు సమాధి దిబ్బల రాళ్ళను గోడలకును, ద్వారస్తంభములకును, బాటలకును వాడుకొనుచుండిరి. ఛైల్డు సమాధి కథ దీనికి తార్కాణము. ఛైల్డు అను వేటకాడు మంచుతుపానులో చిక్కుకొని, ప్రాణరక్షణకై తన గుఱ్ఱమును చంపి దాని కడుపులో దూరెననియు, అయినను చలికి గడ్డకట్టి మరణించెననియు, తన్ను పూడ్చిపెట్టిన వారికే తన భూములు చెందవలెనని రక్తముతో వీలునామా వ్రాసెననియు ఆ ప్రాంతపు వారు చెప్పుదురు. ఆ కథకు ఆటపట్టయిన రాతి కట్టడమును 1812లో సమీపమున ఇల్లు కట్టుకొనువారు పడగొట్టి, రాళ్ళను పట్టుకొనిపోయిరి. తరువాత చాలకాలమునకు గాని అది మరల నిలుపబడలేదు. కథ బ్రదికియుండగనే కట్టడము కూలెను.

ఇంతకన్న వింత యేమనగా, కొన్ని దిబ్బలకు వాని పేర్లే శత్రువులయ్యెను. బంగారు కుండ, ధనపు గోయి అను పేర్లు విని ఆశపడినవారు తరతరములుగా రాత్రివేళ పలుగులు పారలు గొనిపోయి మూతరాళ్ళను పగులగొట్టిరి. వారికి దొరికిన దేమి? పిడికెడు బూడిద, నాలుగు బొగ్గులు, ఒకానొకచోట మట్టికుండ పెంకులు. డార్ట్‌మూరు నేల ఆమ్లగుణము కలది యగుటచే ఎముకలు సైతము కరగిపోవును. బంగారమునకై త్రవ్వినవారు బంగారము పొందలేదు. పొందదగిన జ్ఞానమును మాత్రము చెదరగొట్టిరి. బేరింగు గూల్డు తెరచి చూచిన రాతిపెట్టెలలో పెక్కు అంతకు ముందే దోచబడినట్టివి.

రాబర్టు బర్నార్డు అను మిత్రునితో కూడి ఆయన ఈ దురవస్థకు ప్రతిక్రియ చేయ నడుము కట్టెను. డెవన్ మండల పండిత సంఘము వారు డార్ట్‌మూరు పరిశోధనకై ఒక ఉపసంఘమును ఏర్పరచిరి. దాని తొలి నివేదికలకు బేరింగు గూల్డు కార్యదర్శి యయ్యెను. 1894లో వారు గ్రిమ్స్‌పౌండు అను చోట త్రవ్వకము ప్రారంభించిరి. గ్రిమ్ అనునది ప్రాచీన జర్మన్ జాతులు కొలిచిన వోడెన్ దేవునికి మారుపేరు. క్రైస్తవము వచ్చిన పిదప అది దయ్యమునకు పేరయ్యెను. పౌండు అనగా దొడ్డి. దయ్యపు దొడ్డి యని పేరొందిన ఆ చోట పెద్ద రాతిగోడ నడుమ ఇరువది నాలుగు గుండ్రని గుడిసెల పునాదులున్నవి. పూర్వపు పండితులు దానిని డ్రూయిడులను పురోహితుల ఆలయమని కొందరును, కోట యని కొందరును, పశువుల దొడ్డి యని కొందరును ఊహించి వాదులాడుకొనిరి.

బేరింగు గూల్డును, ఆయన మిత్రులును ఊహలు కట్టిపెట్టి నేలను అడిగిరి. పైపొర తీయగా గుడిసెల నడుమ పొయ్యి రాళ్ళు కనబడెను. బొగ్గులును, వంటకొరకు కాల్చి వేడిచేసిన రాళ్ళును దొరకెను. గోడ ప్రక్కన పరుండుటకై ఎత్తుగా కట్టిన అరుగులు బయల్పడెను. దయ్యము లేదు, ఆలయము లేదు, రాక్షసులును లేరు. చలికి వణకుచు, పొయ్యి చుట్టును పిల్లలతో కూర్చుండి, మాంసము వండుకొని తిన్న మనవంటి మనుష్యులే అచట నివసించిరి. సమీపపు దిబ్బలలో నిద్రించువారును అట్టివారే యని తేటపడెను. అది కంచుయుగపు గ్రామమని నేటి పరిశోధకులు నిర్ణయించియున్నారు.

ఆయన పనిలో లోపములు లేకపోలేదు. నేటి శాస్త్రజ్ఞులవలె మట్టిని పొరపొరగా పరీక్షించి కొలతలు వ్రాసికొనుట ఆ కాలమున పూర్తిగా తెలియదు. పడిపోయిన రాళ్ళను మరల నిలబెట్టుటలో వారు తొందరపడిరని తరువాతివారు విమర్శించిరి. అయినను డార్ట్‌మూరు దిబ్బలు దోపిడికి గాక అధ్యయనమునకు తగినవని ప్రజలకు నేర్పినవారిలో ఆయన ముఖ్యుడు. 1900లో ప్రకటించిన డార్ట్‌మూరు గ్రంథమున ఆయన దిబ్బల కొలతలతోపాటు వాని కథలను కూడ పొందుపరచెను. కథ అబద్ధమని తెలిసినంతనే దానిని పారవేయలేదు. దిబ్బలో ఎవరున్నారో త్రవ్వకము చెప్పును; దిబ్బను చూచి తరతరముల పల్లెవారు ఏమి తలచిరో, దేనికి భయపడిరో కథ చెప్పును. ఈ రెండును వేరు వేరు చరిత్రలని ఆయన ఎరుగును.

1916లో గ్రేసు మరణించెను. ఆమె యెడబాటు ఆయనను మిక్కిలి క్రుంగదీసెను. అయినను కలమును విడువక తన జ్ఞాపకములను వ్రాయుచు, 1924వ సంవత్సరము జనవరి 2వ తేదీన, తొంబదవ యేడు నిండుటకు ఇరువదియారు దినములు కొదువ యుండగా కన్నుమూసెను. లూ ట్రెంచర్డు దేవాలయ ప్రాంగణమున భార్య ప్రక్కనే ఆయనను సమాధి చేసిరి.

ఆయన ఆశించిన ఫలము కాలక్రమమున పండెను. 1951లో డార్ట్‌మూరు జాతీయ ఉద్యానవనముగా ప్రకటింపబడెను. 2011లో వైట్‌హార్స్ గుట్టపై, ఎవరును అంతకు ముందు తాకని రాతిపెట్టె నొకదానిని శాస్త్రజ్ఞులు జాగ్రత్తతో తెరచిరి. ఊబిమట్టి కాపాడుటచే అందు కాలిన ఎముకలతోపాటు ఎలుగుబంటి చర్మమును, అల్లిన చిన్న బుట్టయు, 200కు పైగా పూసలును దొరకెను. అవి సుమారు మూడువేల ఏడువందల ఏండ్ల నాటివి. బంగారు కుండకన్న విలువగల నిధి అది. దొంగల పలుగు ముందుగా తగిలియుండినచో ఆ బుట్టయు, ఆ పూసలును మట్టిలో కలిసిపోయెడివి.

మన తెలుగునేలపై కూడ ఇట్టి ప్రాచీన సమాధులు పెక్కు కలవు. పల్లెవారు వానిని రాక్షసగుళ్ళని పిలుతురు. నారాయణపేట జిల్లాలో కృష్ణానది యొడ్డున ముడుమాల గ్రామమునందు ఎత్తయిన నిలువురాళ్ళు బారులు తీరి యున్నవి. శాపము తగిలి మనుష్యులే రాళ్ళయిరని అచటివారు చెప్పుదురు. బెల్‌స్టన్ కన్యల కథ ఎరుగని వారి నోట అదే కథ పలుకుట ఎంత వింత! మనచోటను గుప్తధనమునకై ఆశపడి ఇట్టి గుళ్ళను త్రవ్వి పాడుచేయువారు కలరు. బండలను పగులగొట్టి కంకర చేయువారును కలరు.

మీ ఊరి పొలిమేరలో అట్టి రాతిగూడు కనబడినచో దాని రాయి కదల్పకుడు. మీ ఇంటి పెద్దలను దాని పేరేమని అడుగుడు. వారు చెప్పు కథను వ్రాసికొనుడు. పెద్దలు పారవేసిన చెక్కముక్కలను ఏరి దాచిన బాలుడే కదా, పెరిగి పెద్దవాడై ఒక సీమ పాటలను, దాని పూర్వుల జాడలను నిలిపినది!